మూడున్నర దాకా

జూన్ వచ్చింది. పన్నెండున్నరకి సైరన్ కూస్తే
మూడున్నర దాకా ఎండలో ఎవడూ పని చెయ్యకూడదు.
ఇబ్రీ ఊరవతల, కడుతున్న బడి వెనక,
నీళ్ల ట్యాంకు కింద నలుగురికి సరిపడే నీడ.
ముగ్గురు పడుకుంటారు.
నేను బద్దని మోకాళ్ల మధ్య ఇరికించుకుంటాను.

జమ్మి. ఇక్కడ గాఫ్ అంటారు.
నిరుడు వాదిలో వరద దిగినప్పుడు
వేళ్లతో సహా ఒరిగిపోయిన చెట్టు.
"పొయ్యిలోకా?" అనడిగాడు ఖల్ఫాన్ ముసలాయన.
ఉత్త చేతులతో విల్లు లాగి చూపించాను.
నవ్వాడు. తీసుకో అన్నాడు. మళ్లీ నవ్వాడు.

మా కురసం మామ వెదురుతో చేసేవాడు.
వెదురు బుద్ధిమంతురాలు,
కణుపులు బడిపిల్లల్లా వరసన నిలబడతాయి.
దీనికి మూడు ముళ్లు, మూడూ మూడు దిక్కులకి.
పెద్దది కుడి రెక్క మధ్యలో, మేకపిల్ల కన్నంత.
నేను ఎటు తిరిగినా నన్నే చూస్తుంది.

బాడిస లేదు. సైటులో పారేసిన ఉలి ఒకటి,
పగిలిన కిటికీ అద్దం ముక్క ఒకటి.
అద్దం అంచుతో గీకితే
ఉల్లిపొరలాంటిది లేస్తుంది,
చెమట చేతులకి అంటుకుని వదలదు.

వెన్ను ముట్టుకోకూడదు.
చెట్టు ఒక ఏడాది కప్పుకున్న పొర
ఈ కొస నుంచి ఆ కొస దాకా తెగకుండా పోవాలి.
ముడి దగ్గర ఆ పొర గుట్టలా ఎక్కి దిగుతుంది.
ఉలి కూడా ఎక్కి దిగాలి.
అడ్డం వచ్చిందని సాపు చేశావా,
అక్కడే విరుగుతుంది, నీ మొహం మీద.

ఇక పొట్ట వైపు.
పిడిని స్కాఫోల్డింగ్ పైపుకి బిగిస్తే
గుల్ జమాన్ తాడు లాగుతాడు.
వెనక ప్లైవుడ్ మీద పెన్సిల్‌తో వంపు గీస్తాను,
తిరగేసి కట్టి మళ్లీ గీస్తాను.
రెండు గీతలూ కలవవు.
ఎడమ రెక్క అడిగినదానికన్నా వంగుతుంది.
కుడిది ముడి వెనక నక్కి మొరాయిస్తుంది.

వంగిన చోట చెయ్యి పెట్టకు, వంగని చోటికి పో
అనేవాడు మామ.
విల్లు గురించే అన్నాడు.
మనుషుల గురించి చెప్పడం ఆయనకి రాదు.

పది గీకులు. ముప్పై సార్లు లాగడం. మళ్లీ పది.
గీకిన సంగతి చెక్కకి వెంటనే తెలీదు.
ఆగస్టు అయిపోతే ఈ మూడు గంటలూ పోతాయని
గుల్ జమాన్‌కి తొందర.
ఒకరోజు జానెడు ఎక్కువ లాగాడు.

టిక్.

పడుకున్నవాళ్లు కూడా లేచి కూర్చున్నారు.
ఉమ్మి రాసి చూశాను, గోటితో వెతికాను.
పగులు లేదు.
జారింది తాడు ముడి.

ఇంటి దగ్గర ఇది విత్తనాల పండగ కాలం.
మగాళ్లంతా అడవిలోకి పోతారు,
దొరికేదేం లేదని తెలిసీ పోతారు.
చూరులో ఉన్న మామ విల్లుకి
నారి ఎలుకలు కొరికేశాయని ఫోన్లో చెప్పింది అత్త.
ఇంకేదో చెప్పబోయింది, కార్డు అయిపోయింది.

జమ్మి మీద ఆయుధాలు దాచినవాళ్ల కథ
చిన్నప్పుడు సారు చెప్పాడు.
దాచడానికేం, ఎవరైనా దాస్తారు.
జమ్మిలోంచి విల్లు బయటికి తియ్యి చూద్దాం.

ఆగస్టు చివర్న క్యాంపు బాస్ సుబైర్ తనిఖీకి వచ్చాడు.
ఏంటిది?
బట్టలారేసే కర్ర.
బొటనవేలితో పొడుగునా నిమిరాడు,
ముడి దగ్గర వేలు ఎక్కింది, దిగింది.
బట్టలకి ఇంత నున్నగానా, అన్నాడు.
రాసుకోకుండా వెళ్లిపోయాడు.

ఆ రాత్రి వెన్ను పైకి పెట్టి
పిడి దగ్గర తాడు కట్టి మంచాల మధ్య వేలాడదీశాను.
ఈ కొసకి నా తడి కవరాల్,
ఆ కొసకి గుల్ జమాన్‌ది, అదే సైజు.
నీళ్లు కారుతుంటే కింద పడుకుని చూశాను.

ఎడమ రెక్క రెండు వేళ్లు దిగింది.
కుడి రెక్క
ముడి దగ్గర కాసేపు ఆలోచించి
రెండు వేళ్లు దిగింది.