మూడో గుండీ

కుళ్లాయప్ప టైలర్ షాపులో
కాజాలు, గుండీలు నా పని.
చొక్కాకు ఆరు రూపాయలు.

ఉగాది పోయినప్పట్నుంచి
గుంతకల్లు పిల్లోళ్లంతా
కొత్త చొక్కాలు పట్టుకొచ్చి
"అత్తా, మూడో గుండీ పీకెయ్" అంటాండారు.
కాజా మాత్రం ఉండాలంట.
తెగిన దారప్పోగు కూడా
రవ్వంత యాలాడాలంట.

లోకో అట్లనే ఏసుకుంటాడంట.
లోకో అంటే, రైలింజన్ల షెడ్డు ఎనకాల
గబగబా మాటలు దొర్లిస్తా పాడే పిల్లోడు.
ఫోన్లలో వాని రొమ్ము మీద ఆ సందు చూసి
కసాపురం కాన్నుంచి గుత్తి దాకా
చొక్కాలన్నీ నోర్లు తెర్సినాయి.

మా బాబ్జాన్ గాడైతే
నాకు చెప్పకుండా పండ్లతో పెరికినాడు.
గుడ్డ చినిగింది.
అతుకు ఎయ్యనియ్యల్యా.

పీకినందుకు పది.
యాభై ఏండ్లకు చెయ్యి కొత్త పని నేర్సింది.
పీకినవన్నీ ఒక సున్నం డబ్బీలో ఏస్తాండా.

నిన్న రాత్రి, షట్టరు సగం దించినాక
వంగి లోపలికొచ్చినాడు, వాడే.
చెల్లెలి నిశ్చితార్థమంట.
"గుండీ ఊడి సంవత్సరమాయ, అత్తా.
అప్పుడు కుట్టించుకోను తీరల్యా.
ఇప్పుడు మేనేజరు కుట్టనీడు.
ఒక్క రోజుకు ఏసియ్యి."

డబ్బీ మూత తీసినా.
తెల్లవి, నల్లవి, మిలట్రీ రంగువి
గలగలమన్న్యాయి.
ఒకటి ఏరి, నాలుగు పోగులేసి
దారం పంటితో తెంపినా.

అద్దంలో చూసుకొని
దాన్ని ఏలితో తడుముకున్నాడు,
చలిలో దుప్పటి దొరికినట్ల.

"ఎంతియ్యాల?"

"దీనికేం వద్దులే నాయనా.
ఎల్లుండి పీకల్ల గదా,
అప్పుడియ్యి పది."