నలుపెక్కిన చుక్క

నవంబరు చివర మా వాడ్సోలో తెల్లవారదు.
గడియారం ఏడంటుంది, కిటికీ ఒప్పుకోదు.
నా వెన్నూ ఒప్పుకోదు.
మంచం అంచు పట్టుకుని
తుప్పు పట్టిన బోల్టును తిప్పినట్టు
ఒక్కో పూసనీ బతిమాలి
నిలబడేసరికి ఇరవై నిమిషాలు.

పడవల ఇంజన్లు బాగుచేసేవాణ్ణి.
ఎక్కడ బిగుసుకుందో చేత్తో తడిమి చెప్పగలను.
నా నడుం బిగువుకి మాత్రం
ఎనిమిదేళ్ళు తిరిగితే గాని పేరు దొరకలేదు.

డాక్టరమ్మ ఉన్నమాట చెప్పే మనిషి.
"పిండి మానితే కొందరికి సుఖంగా ఉందంటారు,
రుజువు మాత్రం పల్చన.
చేసి చూడు. మానేది పిండి, మందు కాదు."
రొట్టె మానేశాను. బంగాళాదుంప మానేశాను.
సముద్రం ఇంటిముందే ఉంది, చేపకు కొదవ లేదు.
తీపి దగ్గరే వచ్చింది చిక్కు.

మా అక్క తూరున్‌ది మందులషాపులో ఉద్యోగం.
శనివారం వచ్చింది, కోటు మీద మంచు,
జేబులో అయొడిన్ సీసా.
"నీ నాలుకకి మొహమాటం ఎక్కువ,
దీనికి లేదు" అంది.

బల్లంతా సాసర్లు పరిచింది,
అమ్మ పెళ్ళినాటివి, అంచులు పెచ్చులూడినవి.
పక్కన గళ్ళ పుస్తకం, పెన్సిలు.
చిన్నప్పుడు గవ్వలేరినా
లెక్క రాసుకునేది అక్క.

కేకుల మీద చల్లే మెత్తటి చక్కెర.
ఒక్క చుక్క.
గోధుమరంగు కాసేపు తటపటాయించి
నీలమై, నలుపై,
కిటికీ అవతలి పగటిలా అయింది.
గడ్డ కట్టకుండా మొక్కజొన్న పిండి కలుపుతారట.
తెల్లనివన్నీ పాలు కావని తెలుసు,
చక్కెర కూడా కావని ఇప్పుడు తెలిసింది.

మామూలు పంచదార: చుక్క చుక్కలాగే ఉంది.
కాఫీలో వేసే బుల్లి బిళ్ళలు,
ఆర్నెల్లుగా జేబులో మోస్తున్నాను,
ఎంత నమ్మకస్తులో!
నలుపు.
"తప్పు తీపిది కాదురా,
దాన్ని బిళ్ళగా నిలబెట్టినదానిది."
సీసాలో వచ్చే ద్రవం గట్టెక్కింది.
ఆకుల తీపి అని అమ్మే పొట్లం
ఎర్రబారి, ఏ సంగతీ తేల్చలేదు.
అక్క ప్రశ్నార్థకం వేసింది.
మేనమామ దక్షిణాది నుంచి పంపే తేనె
పరీక్ష రాస్తున్నట్టే లేదు,
తన పాటికి తాను మెరుస్తూ కూచుంది.

అప్పుడు తెచ్చాను ఫ్రీజరు అడుగు నుంచి
అమ్మ చేసిన ముల్తె పళ్ళ జాము, ఆఖరి సీసా.
ఆమె పోయి రెండు చలికాలాలు.
బురదనేలల్లో కాసే ఆ పసిడి పళ్ళు
ఎక్కడ కోస్తుందో కడుపున పుట్టిన మాక్కూడా చెప్పలేదు.
జాము సంగతి మాత్రం ఊరందరికీ చెప్పేది:
"పళ్ళూ, చక్కెరా, ఓపికా. నాలుగోది వేస్తే అది జామే కాదు."
చర్చి మెట్ల మీద కూడా చెప్పేది.

"దీన్ని వదిలేద్దామా?" అన్నాను.
అక్క అప్పటికే చుక్క వేసేసింది.

నలుపు.
అనుమానం అక్కర్లేని, సిరాలాంటి నలుపు.

ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం.
బంగాళాదుంప పిండి!
నలభై ఏళ్ళు, చెంచాడు చెంచాడుగా,
చిక్కదనం కోసం,
మా వెనక, తలుపు చాటున, బోర్గ్‌హిల్డ్ గారు!

నవ్వితే పక్కటెముకలు పట్టేస్తాయి నాకు.
బల్ల పట్టుకుని, వద్దు వద్దంటూ
ఏడుపో నొప్పో తెలీకుండా నవ్వాను.
అక్క సీసా ఒళ్ళో పెట్టుకుని
నా కళ్ళెదుటే సగం ఖాళీ చేసింది.
"నీకు పడదు కదా" అంటూ, జాలి లేకుండా.
నేను మంచు కరగని పళ్ళ మీద
తేనె వేసుకుని తిన్నాను.
పలచగా, పుల్లగా, గింజలు పళ్ళ కింద చిట్లుతూ.
అమ్మ జాములా లేదు.
ఆమె చెప్పిన జాములా ఉంది.

గళ్ళ పుస్తకంలో చివరి వరుస
అక్క అచ్చక్షరాల్లో రాసింది:
అమ్మ — నలుపు.

సోమవారం లేవడానికి పంతొమ్మిది నిమిషాలు పట్టింది.
ఒక్క నిమిషాన్ని తేడా అనుకోకూడదంది డాక్టరమ్మ.
అనుకోలేదు.
రాసుకున్నాను.