నాలుగు నిమిషాలు

జోంగుల్దాక్‌లో వాన నిలువుగా కురవదు.
నల్లసముద్రం మీంచి అడ్డంగా వచ్చి
ఆసుపత్రి మూడో అంతస్తు కిటికీని
తడిగుడ్డతో బాదినట్టు బాదుతుంది.
నా ఉద్యోగం, ఇతరులు నిద్రపోతుంటే మేలుకుని చూడటం.

ఈ రాత్రి మంచం మీద సాతిల్మిష్.
పేరుకి అర్థం అమ్ముడుపోయినవాడు.
ముందు పుట్టిన ముగ్గురూ దక్కకపోతే
వీణ్ణి ఎవరికో అమ్మేశామని
మృత్యువుకి అబద్ధం చెప్పింది తల్లి.
డెబ్భై ఒక్క ఏళ్ళుగా నిలబడింది ఆ అబద్ధం.
అందులో ఇరవై ఆరేళ్ళు నేల కింద, బొగ్గులో.

తలకి వైర్లు అంటిస్తూ ప్రశ్నలు చదివాను.
కూర్చుని చదువుకునేటప్పుడు కునుకు వస్తుందా?
"చదవను."
ట్రాఫిక్‌లో ఆగిన కారులో?
"కారు లేదమ్మా."
మధ్యాహ్నం తిన్నాక, ఊరికే కూర్చుంటే?
"ఊరికే ఎప్పుడు కూర్చున్నాను"
అని ఊపిరి తీసుకుని
"ఇప్పుడే, ఈ రెండేళ్ళుగా"
అని మళ్ళీ తీసుకున్నాడు.
నిద్ర ఎలా పడుతుంది?
"బాగా."
తలుపు దగ్గర నెబాహత్, ఆయన భార్య,
నాకు మాత్రమే కనిపించేలా కనుబొమలు ఎగరేసింది.
మా వైపు అలా ఎగరేస్తే కాదని అర్థం.

పదకొండుకి దీపం తీశాను.
ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి.
ఒక జబ్బు ఊపిరితిత్తుల్లో ఉంది, వెళ్ళేవాళ్ళని ఆపుతుంది.
ఇంకోటి గొంతులో, వచ్చేవాళ్ళని.
ఒకే గేటుకి ఇద్దరు కాపలాదార్లు,
ఒకడంటే ఒకడికి తెలియదు.

గుర్రు. గుర్రు. ఆ తర్వాత ఏమీ లేదు.
లెక్కపెడతాను.
పందొమ్మిది, ఇరవై ఎనిమిది, నలభై ఒకటి.
నేనూ ఊపిరి బిగపట్టానని ఆలస్యంగా తెలుస్తుంది.
ఆక్సిజన్ అంకె ఎనభై ఆరు, ఎనభై, డెబ్భై నాలుగు,
గనిలోకి లిఫ్టు దిగినట్టు.
అప్పుడు ఒక్క పెద్ద గుక్క,
మునిగినవాడు నీళ్ళపైకి తేలినట్టు.
మెదడు గీతలు చెల్లాచెదురు.
గంటకి నలభైసార్లు మేలుకుంటాడు,
ఒక్కటీ గుర్తుండదు.

ఆక్సిజన్ పెంచెయ్యమని చెయ్యి దురదపెడుతుంది.
ఎక్కువైతే ఇలాంటి మనిషికి ఊపిరే బద్ధకిస్తుంది,
రక్తంలో బొగ్గుపులుసు వాయువు పేరుకుంటుంది.
అక్కడా బొగ్గే.
డాక్టరుకి ఫోన్ చేసి, ఆమె చెప్పినట్టే
సన్నగా ఒక్క లీటరు తిప్పి కూర్చున్నాను.

మూడూ నలభైకి గీతలు మారాయి.
కోడి గెలికినట్టున్నవి సాగి సాగి
పెద్ద పెద్ద అలలయ్యాయి, తొందర లేకుండా.
గాఢనిద్ర. ఈ రాత్రికి మొదటిసారి.
సరిగ్గా అప్పుడే ఎడమకాలి వైరు ఊడింది.

వెళ్ళి అంటించాలి, అది నియమం.
వెళ్ళాను, తలుపు పిడి మీద చెయ్యి వేశాను.
ఆ తలుపు కిర్రుమంటుంది.
నాలుగు నెలలుగా చెబుతున్నాను, నూనె వెయ్యరు.
చెయ్యి తీసేశాను.

వెనక నెబాహత్, చెప్పులు లేకుండా.
వరండా బెంచీ మీది కోడినిద్రలోంచి
గుర్రు వినపడక లేచి వచ్చింది.
"ఆగిందా?"
లేదు, నిద్రపోతున్నాడు.
తెరవైపు చాలాసేపు చూసింది.
"ఇదా నిద్రంటే" అంది.
తర్వాత "ఎంతసేపుంటుంది?" అంది.
నేను జవాబు వెతుక్కునేలోపు అయిపోయింది.

రిపోర్టులో రాశాను:
ఎడమకాలు, సంకేతం అందలేదు, కారణం తెలియదు.
గాఢనిద్ర, ఒక శాతం.

ఆరింటికి జిగురు కడుగుతూ
ఎలా పట్టింది నిద్ర అని అడిగాను.
"బాగా" అన్నాడు.
నెబాహత్ కనుబొమలు కదల్లేదు.

మాస్కు కొలతలకి గురువారం రమ్మన్నాను.
లిఫ్టు అటు అంటే
"చాలమ్మా, ఇరవై ఆరేళ్ళు ఎక్కాను" అని
మెట్లవైపు వెళ్ళాడు.
మొదటి మలుపు దాకా అడుగులు వినిపించాయి.
ఆ తర్వాత ఏమీ లేదు.
నా షిఫ్టు అయిపోయింది, కోటు చేతిలో ఉంది,
రెయిలింగ్ దగ్గర నించుని
లెక్కపెడుతున్నాను.