అరవై మిల్లీలీటర్లు

పొద్దున్న తొమ్మిదింటికి షట్టర్ ఎత్తుతాను.
ఇన్వర్‌కార్డ్ రేవులో అప్పటికే
చేప పేగుల కోసం పక్షుల కొట్లాట.
మా మందులషాపులో ఒక మూల నీలం తెర ఉంది.
గుట్టు కోసం కట్టారట.
కట్టిన రోజునే ఊరందరికీ తెలిసిపోయింది
దాని వెనక్కి ఎవరు వెళ్తారో.

స్ట్రూవన్ వస్తాడు. టోపీ తియ్యడు.
నా కళ్లముందే తాగాలి, అదీ పద్ధతి.
పచ్చటి మెథడోన్, అరవై మిల్లీలీటర్లు,
మీద ఒక గుక్క నీళ్లు.
ఆపైన ఏదో ఒకటి మాట్లాడించాలి నేను,
మింగాడని తెలియటానికి.
"గాలి ఎటుంది?" అంటాను.
"ఈశాన్యం" అంటాడు.
పదకొండేళ్లప్పుడు ఇతనికి
దగ్గుమందు ఇచ్చినవీ ఈ చేతులే.
అప్పుడూ ఇలాగే మొహం చిట్లించేవాడు.

మత్తుకీ మందనే పేరు, మానటానికీ మందనే పేరు.
మధ్యలో నేను, కొలగ్లాసు పట్టుకుని.

పోయినేడు చర్చి హాల్లో మీటింగు పెట్టారు,
ఊళ్లోనే చికిత్సాకేంద్రం తెరుద్దామా అని.
టీ అయిపోయింది, బిస్కెట్లు అయిపోయాయి,
మాటలు అవలేదు.
పిల్లలు తిరిగే వీధి అన్నారు. ఇళ్ల ధరలు పడిపోతాయన్నారు.
"పెట్టండి, కానీ ఇక్కడ కాదు"
అన్నాడు పడవ యజమాని డోడ్.
చప్పట్లు కొట్టారు.
నేను కొట్టలేదు.
అలాగని లేచి నిలబడనూ లేదు.

కేంద్రం ఇక్కడికి నలభై మైళ్లు. బస్సులు రోజుకి రెండు.
అక్కడ మంచం దొరకటానికి పద్నాలుగు వారాలు.
డాక్టరమ్మ మాకు బుధవారం మాత్రమే.

ఫిబ్రవరిలో స్ట్రూవన్ మూడు రోజులు రాలేదు.
మంగళవారం. బుధవారం. గురువారం.
షాపు మూసేటప్పుడు వెనకసందులోకి వెళ్లి
చెత్తడబ్బాల మధ్య వెతికి వచ్చాను,
రెండుసార్లు.

శుక్రవారం వచ్చాడు.
అరచేతుల్లో బొబ్బలు, జేబులో డబ్బు, కనుబొమల్లో ఉప్పు.
"సముద్రం మీదికి వెళ్లాను. పని దొరికింది."
అంత సంతోషం ఆ గొంతులో ఎప్పుడూ వినలేదు.
ముక్కు కారుతోంది, ఒళ్లంతా వణుకు.

వరసగా మూడు రోజులు తప్పితే మందివ్వకూడదు.
ఒంటికి అలవాటు తగ్గుతుంది,
పాత కొలతే ప్రాణం తీస్తుంది.
నిబంధన తప్పు కాదు.
తప్పు కాదని అతనికి చెప్పటానికి
నాకు నోరు రాలేదు, అంతే.

నగరానికి ఫోను చేశాను.
గంటా నలభై నిమిషాలు సంగీతం వినిపించారు.
తెర వెనక, నేలమీద,
మోకాళ్లు కావలించుకుని స్ట్రూవన్.
జలుబు మాత్రలకి వచ్చిన మిసెస్ టుల్లక్
ఏమీ అడగలేదు.
కోటు విప్పి తెర కిందినుంచి లోపలికి తోసి,
మాత్రలు మర్చిపోయి వెళ్లిపోయింది.

చివరికి ఎవరో డాక్టరు, కుర్రగొంతు:
"ముప్పైతో మళ్లీ మొదలుపెట్టండి."
ముప్పై.
వైకుంఠపాళిలో పాము మింగినట్టు సగం కిందికి.
సరే, పందెం గవ్వలు ఇంకా చేతిలోనే ఉన్నాయి.

పై వారం డోడ్ వచ్చాడు.
షాపులో ఎవరూ లేరని అటూ ఇటూ చూసుకుని
తనే తెర వెనక్కి నడిచాడు.
"ఐదు రోజుల వేటకి ఎన్ని సీసాలు?
తాళంపెట్టె నా దగ్గరుంది.
వాడిలా వల బాగుచేసేవాడు ఈ రేవులో లేడు."
కాసేపు తన బూట్లకేసి చూశాడు.
"నడిసముద్రంలో వాడి పెదాలు నీలమైతే
నేనేం చెయ్యాలి?"

ముక్కులో కొట్టే నలోక్సోన్ చూపించాను.
ఆ మొరటు బొటనవేలికి మీట మరీ చిన్నది.
ఖాళీదానితో మూడుసార్లు నొక్కి నేర్చుకున్నాడు,
మూడోసారి చెయ్యి వణకలేదు.
మీటింగు సంగతి అతనెత్తలేదు, నేనూ ఎత్తలేదు.

సీసాలు ఇంటికివ్వాలంటే
డాక్టరమ్మ సంతకం కావాలన్నాను.
బుధవారం దాకా ఆగాలన్నాను.

"బుధవారం ఎన్నింటికి?" అన్నాడు.