ముగ్గుపిండి చేతులు

జోడుగుళ్ళపాలెం దాటాక
ఇప్పుడు ఐస్‌క్రీం బండ్లు నిలబడే మలుపులో
ఒక పాక ఉండేది.
తాటాకు కప్పు, మూడువైపులా తడికలు,
నాలుగోవైపు మాత్రం మట్టిగోడ,
కొండకి వీపు ఆనించి.
దీపం దూలానికి ఎడంపక్క వేలాడేదని నేను,
కాదు కుడిపక్కేనని రహమతుల్లా.
నలభై ఏళ్ళుగా ఇదే తగువు.
ఫోన్లో ఇప్పటికీ ముందు దీపం సంగతి,
ఆ తర్వాతే షుగరూ, మోకాళ్ళూ.

ఆదివారం తెల్లారకముందే చేరేవాళ్ళం.
షిప్‌యార్డు పనికిరాదని పారేసిన నైలాను మోకు
భుజాన చుట్టుకుని పైడిరాజు,
లారీ కమాను బద్దలు సాగ్గొట్టి
రాతిసందుల్లో దిగేసే మేకులు చేసి
గోనెసంచీలో గలగలమనిపిస్తూ రహమతుల్లా,
వాల్తేరు రైల్వే క్వార్టర్ల నుంచి
బ్రేకుల్లేని సైకిలు మీద జెరాల్డు,
ఇంట్లో స్పెషల్ క్లాసని చెప్పి
జియాలజీ సుత్తితో హైమవతి,
ఉత్తరాల సార్టింగు రాత్రి డ్యూటీ దిగి
కళ్ళు మండుతూ నేను.

చెమట చేతులకి పూసుకునే తెల్లపొడి
ఏ దేశంలో అమ్ముతారో మాకు తెలీదు.
పోలమ్మ దగ్గర ముగ్గుపిండి కొనేవాళ్ళం,
డబ్బా పావలా.
కొండంతా మా అరచేతుల ముగ్గులు.
ఒక్క వానకి వాకిలి శుభ్రం.

ఆ రాయి మంచిది కాదు.
ఎర్రగా, మాడిన రొట్టెలా,
నమ్మి పట్టుకుంటే పెచ్చులూడి చేతిలోకొచ్చేది.
ఖొండలైటు అనేది హైమవతి.
కొండలమ్మ అనేవాడు పైడిరాజు, మొక్కి ఎక్కేవాడు.
ఇద్దరి కాళ్ళూ ఒక్కచోటే జారేవి.

దిగొచ్చాకే అసలు ఆదివారం.
మోకు దూలానికి ఆరేసి,
చర్మం లేచిన వేళ్ళతో గాజుగ్లాసు పట్టలేక
చొక్కా అంచుతో పట్టుకుని,
నెత్తళ్ళ వేపుడు ఒకే ఆకులో
అయిదుగురం.
ఎవరి నెత్తురో, ఎవరి కారమో.

గోడమీద బొగ్గుతో కొండని గీసేవాళ్ళం:
ఇదిగో పగులు, ఇదిగో అంచు, ఇక్కడ ఎడంకాలు.
పక్కనే పోలమ్మ బాకీ గీతలు,
టీకి నిలువు, చేపకి అడ్డం.
బళ్ళో కూచోని మనిషి,
లెక్క ఒక్కనాడు తప్పలేదు.

"పైనేటుంది బావూ?" అడిగిందోసారి.
"ఏమీ లేదు. సముద్రం కనబడుతుంది."
"అదిక్కణ్ణుంచీ అవుపడతాది గదా!"
చాలాసేపు ఎవ్వరం
గ్లాసులోంచి తలెత్తలేదు.

పైడిరాజు పోయాడు, కొండమీంచి కాదు,
అల్లుడింటి మేడమెట్ల మీంచి.
జెరాల్డు సంగతి కార్డుముక్కలా ఆలస్యంగా తెలిసింది.
పాక రోడ్డు వెడల్పులో పోయింది.
హైమవతి ఫోన్ నంబరు మారింది.

మొన్న రహమతుల్లా
దీపం జోలికి పోకుండానే అడిగాడు:
"ఆ మేక గుర్తుందా?"

ఉంది.
ఆరువారాలు మేం పడి, లేచి, మళ్ళీ పడ్డ
నిలువు పగులు నడిమధ్య
చిక్కుకుని అరుస్తోంది, పోలమ్మ మేక.
మోకూ మేకూ ఉన్న మేం
ముళ్ళు సరిచూసుకునే లోపల
చీర గోచీ బిగించి, వట్టికాళ్ళతో వెళ్ళి,
దాన్ని మెడమీద వేసుకుని
అవతలి పక్కనుంచి దిగొచ్చి
"టీ సల్లారిపోతంది" అంది.
మేం నవ్వాం.
మర్నెల హైమవతి అదే పగులు ఎక్కితే
డైరీలో తారీకు వేసి, దారికి పేరు పెట్టి,
మొదటిసారి అని రాసి
కింద అయిదుగురం సంతకాలు చేశాం.

ఆ వారమే కాబోలు
గోడమీది కొండలో, పగులు పక్కన
ఒక నిలువు గీత అదనంగా కనబడింది.
ఎవరో టీ తాగి ఎగ్గొట్టారనుకుని
నేనే డబ్బులిచ్చాను.
తీసుకుని బొడ్లో దోపుకుంది.
గీత మాత్రం చెరపలేదు.