అట్లాంటి వాళ్ళెవరూ లేరు

కొండితోపు. మూడో సందు.
నా ఫారంలో పధ్నాలుగు ప్రశ్నలు.
గుండీలు పెట్టుకోగలరా, మెట్లు దిగగలరా,
ఒకరి సాయం లేకుండా స్నానం చేయగలరా.
ఒక్కోదానికి నాలుగు గళ్ళు:
కష్టం లేదు, కొంచెం, చాలా, అసలు చేతకాదు.

తలుపు సగం తెరిచి సగంలోంచే చెబుతారు:
"అట్లాంటి వాళ్ళెవరూ లేరమ్మా మా ఇంట్లో."

లోపల యతిరాజులు గారు
చొక్కాని తలమీంచి తొడుక్కుంటున్నారు.
గుండీలు రాత్రే పెట్టి ఉంచుతుందట కోడలు,
పై రెండూ వదిలేసి.
"కష్టమా? అబ్బే, అలవాటు."
అలవాటుకి గడి లేదు నా కాగితంలో.

మేడమీద కుప్పమ్మాళ్
నీళ్ళ లారీ హారన్ వినగానే
పచ్చ ప్లాస్టిక్ బిందెను తాడుతో కిందికి వదులుతుంది.
కింద ఎవరు దొరికితే వాళ్ళు నింపాలి.
చివరిసారి వీధిలోకి ఎప్పుడొచ్చావంటే
కాసేపు ఆలోచించి,
"వరదలప్పుడు. పడవలో దించారు కదా,
ఎంత బాగుండిందో" అంది.

మల్లెలు కట్టే జబీనా
మూడు మూరలు కొలిచిందంటే మూడు మూరలే.
నేనిచ్చిన బిళ్ళను మాత్రం
బొటనవేలితో అంచంతా తడిమి అడిగింది:
"రెండా, అయిదా?"
అయిదు అన్నాను.
నమ్మింది. రోజూ ఎంతమందిని నమ్మాలో.

ఆ ఎదురింటి కుర్రాడు, పదహారేళ్ళుంటాయి,
ప్రశ్న పూర్తికాకముందే
"నాకేం లేదు" అని గోడ పట్టుకుని లోపలికి వెళ్ళాడు.
గోడమీద, నడుమెత్తున,
ఒక నల్లటి చారిక. ఏళ్ళ తరబడి అరచెయ్యి.

సాయంత్రం సూపర్‌వైజర్ కాగితాలు తిప్పాడు.
"పోయినసారి ఈ సందుకి ముగ్గురే.
నీకు ముప్పై ఒక్కరెలా వచ్చారు?
మనుషుల్ని లెక్కపెట్టమంటే
మెట్లను లెక్కపెట్టినట్టున్నావు."
ఏమన్నారు సార్, అని
కుడి చెవి అటు తిప్పాను.
మళ్ళీ చెప్పాడు, ఈసారి గట్టిగా, ఇంకొంచెం విసుగ్గా.
అవును సార్, మెట్లు కూడా, అన్నాను.

ఆదివారం మా వార్డుకీ ఎవరో అమ్మాయి వచ్చిందట.
నేను ఇంట్లోనే ఉన్నాను,
ఎడమ చెవి తలుపు వైపు పెట్టి
చింతపండు పిసుకుతూ.
ఎంతసేపు తట్టిందో, పాపం.

పాలకి బయటికొస్తే
మా తలుపు పక్కన సుద్దముక్కతో
గుండ్రటి చేతిరాత:
తాళం వేసి ఉంది.