పేజీ తిప్పమ్మా

అద్దాల బీరువా కొన్నాను ముందు,
పూర్ణా మార్కెట్ వెనక సందులో, వాయిదాల మీద.
తరవాత పుస్తకాలు.
తరవాత తాళం.
తాళంచెవి నా మొలతాడుకి.

పోర్టులో క్రేను దిగి మల్కాపురం చేరేసరికి
చెవుల్లో బొగ్గు, గొంతులో ఇనపరజను.
చెప్పులు విప్పకుండానే కేకేసేవాణ్ణి:
"హిమజా, చదువు!"

ఒక్కటే మాట మనకి, దానికీ దీనికీ.
ఎక్కాలకీ చదువే, ఎంసెట్‌కీ చదువే,
కుందేలు కథకీ చదువే.
మా గుంట ఏం చేస్తుంది పాపం,
మూడింటినీ ఒకే మొహంతో చూసేది.
పుస్తకం ఒళ్లో, కళ్లు గోడమీది బల్లి మీద.
"అంత బాగుంటే నువ్వే సదువుకో నాన్నా"
అనేసింది ఓసారి.
నాకు వార్తల టైమైంది, టీవీ పెట్టాను.

ఆ అక్టోబరులో తుపాను.
ముందురోజు పచ్చగా ఉన్న యారాడ కొండ
తెల్లారేసరికి కాలిన కొబ్బరిపీచు.
మా రేకు లేచిపోయి ఎవరి పెరట్లో పడిందో
ఇప్పటికీ తెలీదు.
బీరువా బోర్లా పడింది, అద్దం ముక్కలైంది.
తాళం మాత్రం భద్రంగా ఉంది.

కరెంటు లేదు, ఫోన్లు చచ్చిపోయాయి.
అచ్చియ్యమ్మ తడిసిన పుస్తకాలన్నీ గోనెలోకి తోసి
"పొయ్యిలోకి కూడా పనికిరావు" అంది.
వాళ్లమ్మ మసేనమ్మ ఊరుకుంటుందా,
పెదజాలారిపేటలో పుట్టిన మనిషి.
"తడిస్తే పారేత్తారేటి? ఎండేత్తారు గానీ."
పక్కింటి మేడమీద పాత వల పరిచి
నెత్తళ్లు ఆరబోసినట్టు
పుస్తకాలు బారుగా పరిచింది.
మనవరాలి చేతికి కాకుల్ని తోలే కర్ర ఇచ్చింది.
"అరగంటకోపాలి పేజీ తిప్పమ్మా,
నేపోతే అంటుకుపోతాయి."

పేజీ తిప్పమ్మా. అంతే.
చదవమని ఎవరూ అనలేదు.

మొదటిరోజు తిప్పింది.
రెండోరోజు, తిప్పబోయి ఆగింది.
మూడోరోజు నేను ట్యాంకరు దగ్గర్నించి
బిందె మోసుకొస్తూ పైకి చూస్తే
కర్ర ఓ మూల, కాకి ఓ పుస్తకం మీదే,
పిల్ల మోచేతుల మీద బోర్లా పడుకొని
పేజీని బొటనవేలితో అదిమిపట్టి ఉంది.
సముద్రపు గాలి తొందరపెడితే కసిరింది:
"ఉండవే, ఇంకా అవలేదు!"

బిందె దించలేదు నేను,
చప్పుడవుతుందని.

ఆ రాత్రి కొవ్వొత్తి ముందు
అమ్మమ్మకి చెప్తోంది,
సముద్రం అడుక్కి దిగిన కుమ్మరి కథ.
ముసలమ్మకి అక్షరం రాదు, సముద్రం వచ్చు.
"అడుగున నీలంగా ఉండదే గుంటా, నల్లగుంటాది" అని
పుస్తకాన్నే దిద్దుతోంది.
అచ్చియ్యమ్మ అన్నం కలపడం ఆపింది.
నేనూ దగ్గరికి జరిగాను,
వెలుతురు కోసమే అన్నట్టు.

సరిగ్గా కుమ్మరి తలుపు తోసే చోట
రెండు పేజీలు అంటుకుపోయాయి.
ఆవిరి పెట్టాం, బ్లేడు పెట్టాం, ఊడిరాలేదు.
తలుపు వెనక ఏముందో
నలుగురం నాలుగు రకాలుగా చెప్పాం.
క్రేను ఉందన్నాను నేను.
ఎవరికీ నచ్చలేదు.

కరెంటొచ్చింది, టీవీ వచ్చింది.
బీరువాకి అద్దం వేయించలేదు.
తాళంచెవి ఇంకా మొలతాడుకే ఉంది, అలవాటు.
డ్యూటీ దిగొచ్చి, చెప్పులు విప్పి,
చేతులు రెండుసార్లు కడిగి
ఏదో ఒకటి తెరుస్తాను.
నాకు గబగబా రాదు. వేలు పెట్టుకోవాలి,
పెదాలు కదులుతాయి.
అది భుజం మీంచి తొంగిచూస్తుంది:
"ఇంకా అదే పేజీయా?"

మొన్న లైబ్రరీలో ఆ పుస్తకమే కనపడిందట,
తడవనిది.
ఆ రెండు పేజీలూ విడివిడిగా ఉన్నాయట.
"చూశావా మరి?"
తల అడ్డంగా ఊపింది.
"అమ్మమ్మ చెప్పిందే బాగుంది నాన్నా."

సరే, అది చూడకపోతే పోనీ.
శనివారం నాకు వీక్లీ ఆఫ్.
వెళ్లి చూసొస్తాను.
క్రేను ఉన్నా ఉండొచ్చు.